బయటికి బెలూన్లు, లోపలికి పావురాలు: 1870–71 పారిస్ ముట్టడిలో కబుర్లు ఎలా నడిచాయి?

ఎక్కడైనా ఒక నగరం చుట్టూ సైన్యం మోహరించి ఫోన్లు, ఇంటర్నెట్ తెగ్గొట్టిందన్న వార్త వచ్చినప్పుడల్లా పారిస్ కథ మళ్ళీ చక్కర్లు కొడుతుంది. నూట యాభై ఏళ్ళ కిందటే ఆ ఊరివాళ్ళు బెలూన్లలో ఉత్తరాలు పంపారనీ, పావురం తోకకు వేల కబుర్లు కట్టారనీ, ఏనుగు మాంసం తిన్నారనీ. మూడూ నిజమే. కానీ ఈ మూడు ముక్కలూ విడివిడిగా తిరగడం వల్ల అసలు విషయం మరుగున పడుతోంది. పారిస్ నుంచి బయటికి ఇరవై లక్షలకు పైగా ఉత్తరాలు వెళ్ళాయి. అయినా ఆ నగరం కబురు లేక అల్లాడింది. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమయ్యాయన్నదే చూడాల్సిన సంగతి.

ఏ యుద్ధం, ఏ ముట్టడి

ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ 1870 జూలై 19న జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యా మీద యుద్ధం ప్రకటించాడు. ఆరు వారాలు తిరిగేసరికి, సెప్టెంబర్ 2న, సెడాన్ దగ్గర సైన్యంతో సహా పట్టుబడ్డాడు. 4న పారిస్‌లో రిపబ్లిక్ ప్రకటించారు. కొత్త ప్రభుత్వానికి జనరల్ ట్రోషూ పెద్ద, లేయోన్ గంబెట్టా హోం మంత్రి. యుద్ధం మాత్రం ఆగలేదు. సెప్టెంబర్ 19 నాటికి జర్మన్ సేనలు పారిస్‌ను చుట్టేశాయి. లోపల సుమారు ఇరవై లక్షల మంది జనం. 1871 జనవరి 28న సంధి కుదిరేదాకా, అంటే నాలుగు నెలలకు పైగా, అదే పరిస్థితి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పారిస్ కమ్యూన్, అంటే ఆ తరవాత నగరవాసులు తిరగబడి పెట్టుకున్న సొంత ప్రభుత్వం, వేరు. అది 1871 మార్చి 18న మొదలై మే 28న రక్తపాతంతో ముగిసింది. అప్పుడు నగరాన్ని ముట్టడించింది ఫ్రెంచ్ ప్రభుత్వ సైన్యమే. బెలూన్లు, పావురాల కథ అంతకుముందు జర్మన్ ముట్టడిది.

నగరాన్ని చుట్టేసిన సైన్యం మొదట చేసిన పని తీగలు కోయడం. సీన్ నది అడుగున రహస్యంగా వేసుకున్న టెలిగ్రాఫ్ తీగ కూడా సెప్టెంబర్ దాటకుండానే దొరికిపోయింది. కాలినడకన పంపిన తపాలా మనుషుల్లో ఎక్కువమంది పట్టుబడ్డారు, లేదా వెనక్కొచ్చేశారు.

బెలూన్ ఎంత మోస్తుంది

సెప్టెంబర్ 23 పొద్దున జూల్ దూరూఫ్ అనే బెలూన్ చోదకుడు మోంమార్త్ర్ గుట్ట దగ్గర ‘నెప్ట్యూన్’ అనే పాత బెలూన్ ఎక్కి 125 కిలోల తపాలాతో లేచాడు. జర్మన్ శిబిరాల మీదుగా వెళ్ళి దాదాపు మూడు గంటల్లో ఎవ్రూ దగ్గర దిగాడు. మూడు రోజులకే ప్రభుత్వం బెలూన్ తపాలాను అధికారికం చేసింది. ఒక్కో ఉత్తరం 4 గ్రాములు మించకూడదు, రుసుం 20 సెంటీములు (వంద సెంటీములు ఒక ఫ్రాంకు). మనిషి లేని బెలూన్లలో పంపడానికి 3 గ్రాముల కార్డులూ పెట్టారు గానీ, అలా వదిలిన బెలూన్ శత్రువు చేతికి చిక్కడంతో కార్డులనూ మనుషులున్న బెలూన్లలోనే వేశారు.

వీటిని నిప్పుతో వేడిచేసే గాలి బెలూన్లుగా ఊహించుకోకండి. అప్పట్లో వీధి దీపాలకు వాడిన బొగ్గు గ్యాస్‌తో నింపినవి. ఆ గ్యాస్ గాలికంటే తేలిక కాబట్టి ఘనమీటరుకు సుమారు 0.7 కిలో బరువు లేపుతుంది. ముట్టడి కోసం కుట్టిన బెలూన్లలో ఎక్కువ భాగం రెండు వేల ఘనమీటర్లవి. అంటే మొత్తం లేపే శక్తి రమారమి 1,400 కిలోలు. అందులోంచి గుడ్డ, వల, బుట్ట, లంగరు, చోదకుడు, ఒకరిద్దరు ప్రయాణికులు, పావురాల పంజరాలు, ఎత్తు సర్దుకోవడానికి కావలసిన ఇసుక బస్తాలు తీసెయ్యాలి. మిగిలిన దాంట్లో ఉత్తరాలు. మొత్తం ముట్టడిలో అరవై అయిదుకు పైగా బెలూన్లు, దాదాపు 11 టన్నుల తపాలా. సగటున బెలూన్‌కు 165 కిలోలు. నాలుగు గ్రాముల ఉత్తరం చొప్పున కిలోకు 250. ఆ లెక్కన ఒక్క బెలూన్‌లో నలభై వేల ఉత్తరాలు. మొత్తం పాతిక లక్షల దాకా ఉత్తరాలు వెళ్ళాయని పుస్తకాల్లో కనిపించే అంకె ఈ లెక్కతో సరిపోతుంది.

బెలూన్లు కుట్టింది రైల్వే స్టేషన్లలో. రైళ్ళు ఎటూ ఆగిపోయాయి. పైకప్పు ఎత్తుగా, లోపల ఖాళీగా ఉన్న చోట్లు అవే. ఓర్లేయాన్ స్టేషన్‌లో గొదార్ కుటుంబం, ఉత్తర స్టేషన్‌లో మరో బృందం పని నడిపాయి. నూలు గుడ్డ ముక్కల్ని ఆడవాళ్ళు కుట్టేవారు. ఆ గుడ్డ గ్యాస్‌ను ఆపదు కాబట్టి అవిసె నూనె, సీసపు ఆక్సైడ్ కలిపి కాచిన వార్నిష్ పూసి ఆరబెట్టేవారు. పట్టు అయితే మెరుగే, కానీ ఖరీదు. పైగా ఈ బెలూన్ ఒక్కసారే ఎగురుతుంది.

గుడ్డ సమస్య అలా తీరింది. మనుషుల సమస్య అలా తీరలేదు. ఎగిరిన చోదకుడు తిరిగి రాలేడు కనక ప్రతి ప్రయాణానికీ నగరం ఒక నిపుణుణ్ణి పోగొట్టుకుంటుంది. అనుభవజ్ఞులు అయిపోయాక కోటల్లో ఫిరంగుల దగ్గరున్న నావికులను తీసుకొచ్చారు. ఎత్తూ, తాళ్ళూ వాళ్ళకు అలవాటే. స్టేషన్ దూలానికి బుట్ట వేలాడదీసి, అందులో కూర్చోబెట్టి, ఎప్పుడు ఇసుక పారబోయాలో, ఎప్పుడు గ్యాస్ వదిలే కవాటం తాడు లాగాలో నేర్పారు. చాలామందికి అసలు ఎగరడం అదే మొదలు, అదే ఆఖరు.

రాత్రి ఎగరడంలో ఉన్న చిక్కు

పగలు ఎగిరితే జర్మన్లు కాల్చేవారు. జర్మన్ ఆయుధాల కంపెనీ క్రుప్ బెలూన్ల కోసమే పైకి గురిపెట్టే తుపాకీ ఒకటి చేసి పంపింది. దాని కంటే గుర్రపు దళాలతోనే ప్రమాదం ఎక్కువ. బెలూన్ ఎటు పోతోందో చూస్తూ కింద తరిమేవారు. నవంబర్‌లో ‘దగేర్’ అనే బెలూన్ అలాగే నేలకూలి పట్టుబడింది. దాంతో నవంబర్ మధ్య నుంచి రాత్రిళ్ళు వదలడం మొదలుపెట్టారు. చీకట్లో తుపాకీ గురి కుదరదు నిజమే, కానీ చోదకుడికీ కింద ఏముందో తెలియదు.

‘విల్ ద ఓర్లేయాన్’ బెలూన్‌కు జరిగింది అదే. నవంబర్ 24 రాత్రి పొద్దుపోయాక ఉత్తర స్టేషన్ నుంచి పాల్ రోలియే, లేయోన్ బెజియే అనే ఇద్దరు లేచారు. కింద నుంచి ఎడతెగని హోరు వినిపిస్తుంటే రైళ్ళనుకున్నారు. తెల్లవారాక చూస్తే సముద్రం. ఎత్తు పెంచుకోడానికి బరువు దించుకోవాల్సి వచ్చి ఒక తపాలా సంచీని నీళ్ళలోకి వదిలేశారు. పద్నాలుగు గంటలకు పైగా గాలిలో ఉన్నాక, 1,200 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, నార్వేలోని లీఫ్యెల్ అనే మంచుకొండ మీద బుట్టలోంచి దూకేశారు. బరువు తగ్గిన బెలూన్ మళ్ళీ ఎగిరిపోయి మరోచోట దొరికింది. ఇద్దరూ బతికారు. ‘జాకార్’లో వెళ్ళిన ప్రాన్స్ అనే నావికుడు, సంధికి ముందు రోజు ‘రిచర్డ్ వాలెస్’లో వెళ్ళిన లకాజ్ అట్లాంటిక్‌లో కలిసిపోయారు. ఓ అయిదు బెలూన్లు శత్రువుకు చిక్కాయి. మిగతావన్నీ ఎక్కడో ఒకచోట క్షేమంగా దిగాయి. పరిస్థితులు చూస్తే ఇది చాలా మంచి ఫలితం.

వచ్చే దారి ఎందుకు లేదు

బయటికి పోయినట్టే లోపలికీ బెలూన్లు రావచ్చు కదా? రాలేవు. దీనికి చుక్కాని లేదు, గాలి ఎటు తోస్తే అటే. పారిస్ నుంచి లేచినదానికి ఫ్రాన్స్‌లో జర్మన్లు లేని ఏ పొలమైనా గమ్యమే. వచ్చేదానికి మాత్రం పది కిలోమీటర్ల వెడల్పున్న ఒకే ఒక గమ్యం. వంద కిలోమీటర్ల దూరం నుంచి లేచిందనుకుందాం. గాలి దిశ ఆరు డిగ్రీల సందులో కచ్చితంగా ఉండాలి. మొత్తం 360లో అది అరవయ్యో వంతు. ఆ దిశ దారి పొడుగునా మారకూడదు. సరిగ్గా నగరం మీదకొచ్చిన నిమిషంలోనే దించాలి. కొంచెం ముందు దించినా, వెనక దించినా జర్మన్ల చేతుల్లోనే. బెలూన్ చోదకులైన తిసాండియే అన్నదమ్ములు నవంబర్‌లో వాయవ్యాన ఉన్న రువాన్ పట్టణం నుంచి ప్రయత్నించి వదిలేశారు.

మిగిలింది పావురం. అదీ ఒకవైపే పనిచేస్తుంది, ఎక్కడికి తీసుకెళ్ళి వదిలినా తన గూటికే వస్తుంది. కాబట్టి పారిస్ పావురాలను బెలూన్‌లో బయటికి పంపి, అక్కడ కబురు కట్టి వదలాలి. బయట ప్రభుత్వ ప్రతినిధి వర్గం మొదట తూర్ పట్టణంలో, డిసెంబర్ నుంచి బోర్డోలో ఉంది. పావురాల మనుషులు పంజరాలు పట్టుకుని రైల్లో పారిస్‌కు వీలైనంత దగ్గరగా వచ్చి వదిలేవారు. యుద్ధరేఖ దక్షిణానికి జరిగేకొద్దీ వదిలే చోటూ దూరమైంది. సరిగ్గా అప్పుడే చలికాలం. పగలు తక్కువ, పొగమంచు ఎక్కువ, మంచు కప్పిన నేల మీద పావురానికి ఆనవాళ్ళు దొరకవు. వదిలినవి మూడు వందలకు పైనే. చేరినవి అరవై అటూ ఇటూ. జర్మన్లు డేగలను తెప్పించారన్న కథ బాగా ప్రచారంలో ఉంది గానీ, ఈ నష్టానికి డేగలు అక్కర్లేదు, వాతావరణం చాలు.

గ్రాము బరువులో యాభై వేల కబుర్లు

పావురం గ్రాము కంటే ఎక్కువ మోస్తే అలసిపోతుంది. కాబట్టి అక్షరం చిన్నది కావాలి. తూర్‌లో మొదట కబుర్లను పెద్ద కాగితాల మీద రాసి, ఫోటో తీసి, చిన్న కాగితం మీద అచ్చు వేశారు. కాగితం బరువు, దాని గరుకుదనం వల్ల ఒక హద్దు దాటి చిన్నది చేస్తే అక్షరాలు అలికినట్టయ్యేవి.

పారిస్‌లో రెనే దాగ్రోన్ అనే ఆయన భూతద్దంలో చూసే సూక్ష్మ ఫోటోల వ్యాపారం చేసేవాడు. నవంబర్ 12న ‘నియెప్స్’ అనే బెలూన్‌లో బయల్దేరాడు. తోడుగా లేచింది పైన చెప్పిన ‘దగేర్’. ఫోటోగ్రఫీ పితామహుల పేర్లున్న రెండు బెలూన్లలో ఒకటి సామానుతో సహా పట్టుబడింది, రెండోది తృటిలో తప్పించుకుంది. తొమ్మిది రోజులు తిప్పలు పడి దాగ్రోన్ తూర్ చేరాడు.

ఆయన పద్ధతి ఇది. వచ్చిన కబుర్లన్నీ ముందు దినపత్రిక పేజీలా అచ్చు కూర్చాలి. పేజీలను పక్కపక్కన పెట్టి ఫోటో తీస్తే, రెండు వేళ్ళ వెడల్పున్న పల్చటి, పారదర్శకమైన కొలోడియన్ పొర మీద పదహారు పేజీల దాకా దిగుతాయి. అంటే సుమారు 3,000 కబుర్లు. పొర బరువు 0.05 గ్రాము. పద్దెనిమిది పొరలను చుట్టినా గ్రాము దాటదు. కబుర్లు యాభై వేల పైన. ఆ చుట్టను బాతు ఈక గొట్టంలో దూర్చి, పావురం తోక మధ్య ఈకకు పట్టుదారంతో కట్టేవారు. పారిస్‌లో గొట్టాన్ని చాకుతో చీల్చి, పొరలను కాస్త అమోనియా కలిపిన నీళ్ళలో వేస్తే విచ్చుకునేవి. రెండు అద్దాల మధ్య పెట్టి, విద్యుత్ దీపంతో తెర మీద పెద్దగా పడేట్టు చేస్తే, గుమాస్తాలు కూర్చుని ఒక్కొక్కటీ టెలిగ్రామ్ ఫారం మీద ఎత్తి రాసేవారు. నెమ్మదయ్యేది ఈ చివరి పనిలోనే. పావురం ఒక్క పూటలో తెచ్చింది చేత్తో రాయడానికి రోజులు పట్టేది.

పావురం చేరుతుందన్న నమ్మకం లేదు కనక అవే పొరలను మళ్ళీ మళ్ళీ వేర్వేరు పావురాలకు కట్టి పంపేవారు, కొన్నిటిని ఇరవై సార్లకు పైగా. కాబట్టి “ముట్టడిలో లక్షల కబుర్లు వచ్చాయి” అనే లెక్కల్లో ఒకే కబురు చాలాసార్లు ఉంటుందని గుర్తు పెట్టుకోవాలి.

ధర మాటకు 50 సెంటీములు, ఇరవై మాటలు హద్దు. ఇరవై మాటలకు 10 ఫ్రాంకులు. పారిస్ నేషనల్ గార్డ్ (పౌరుల రక్షక దళం) సిపాయి రోజు భత్యం ఫ్రాంకున్నర. అంటే దాదాపు వారం జీతం. సామాన్యుల కోసం ఇంకో ఉపాయం చేశారు. పారిస్‌లో ఉన్నవాళ్ళు ఒక కార్డు మీద, అవుననో కాదనో చెప్పగలిగే నాలుగు ప్రశ్నలు రాసి బెలూన్‌లో పంపాలి. ఉదాహరణకు: అందరూ క్షేమమా? డబ్బు అందిందా? పాప పుట్టిందా? ఇంకా అదే ఊళ్ళో ఉన్నారా? అవతలివాళ్ళు ఒక ఫ్రాంకు కట్టి “అవును, కాదు, అవును, అవును” అని నాలుగు మాటలే పావురానికి ఎక్కిస్తారు. ప్రశ్నలు పారిస్‌లోనే ఉన్నాయి కాబట్టి వాటిని మోసే బరువు తప్పింది. మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే తెలివైన ఆలోచన ఇదేనని నా లెక్క.

ఘోరంగా విఫలమైన ఉపాయమూ ఒకటుంది. ఒక్కోదాంట్లో కొన్ని వందల ఉత్తరాలు పెట్టి, సీల్ చేసి, చుట్టూ రెక్కలు అతికించిన జింకు బంతులను పైనుంచి సీన్ నదిలో వదిలారు. ప్రవాహంలో దొర్లుకుంటూ వస్తే పారిస్‌లో వల వేసి పట్టాలి. ఒక్కో ఉత్తరానికి ఫ్రాంకు వసూలు చేశారు. జనవరిలో 55 బంతులు వదిలితే ముట్టడి ముగిసేలోపు ఒక్కటీ చేరలేదు. మంచుగడ్డలు, వరద, బురద. తరవాత ఎప్పుడెప్పుడో దొరుకుతూ వచ్చాయి. ఒకటి 1968లో నార్మండీలో నది అడుగున బయటపడింది.

ఒక పావురం, ఒక బెలూన్, ఒక ఊరి పేరు

ఇంత శ్రమ సైన్యానికి ఎంతవరకు పనికొచ్చిందో చూడడానికి నవంబర్ చివరి రెండు వారాలు చాలు.

గంబెట్టా అక్టోబర్ 7న బెలూన్‌లోనే బయటపడి తూర్ వెళ్ళి కొత్త సైన్యాలు సమకూర్చాడు. వాటిలో దక్షిణాన ఉన్నది లువార్ సైన్యం. లోపల ట్రోషూ, మరో జనరల్ డుక్రో వలయాన్ని పడమటి వైపు ఛేదించి రువాన్ దిక్కుకు పోవాలని ఏర్పాట్లు చేసుకుంటున్నారు. నవంబర్ 14న ఒక పావురం వచ్చింది: లువార్ సైన్యం 9న కూల్మియే దగ్గర గెలిచింది, ఓర్లేయాన్ మళ్ళీ మన చేతిలో ఉంది. పారిస్ ఆనందంతో ఊగిపోయింది. దక్షిణం నుంచి సైన్యం వస్తుంటే పడమటికి పోవడమేమిటన్న ఒత్తిడి పెరిగింది. వారాల ఏర్పాట్లు పక్కనబెట్టి, ఫిరంగులు, వంతెనల సామాను నగరం ఈ కొస నుంచి ఆ కొసకు, ఆగ్నేయంలో మార్న్ నది ఒడ్డుకు తరలించారు. 29న దాడి. లువార్ సైన్యం అదే సమయానికి కదలాలి. ఆ కబురు గంబెట్టాకు తీసుకెళ్ళింది నార్వేలో దిగిన ఆ బెలూనే.

కబురు నార్వే నుంచి తిరిగి తిరిగి తూర్ చేరేసరికి 30. పారిస్‌లో ఆరోజే యుద్ధం మొదలైంది. మార్న్ పొంగి వంతెనలు ఆలస్యమై ఒకరోజు వాయిదా పడింది, లేకుంటే కబురు చేరకముందే మొదలయ్యేది. గంబెట్టా హడావుడిగా సైన్యాన్ని కదిలించాడు. అంతలో పారిస్ నుంచి మరో కబురు, తమ దళాలు ఎపినే పట్టుకున్నాయని. అది నగరానికి ఉత్తరాన సీన్ ఒడ్డున ఉన్న ఎపినే. దక్షిణాన ఇంకో ఎపినే ఉంది. గంబెట్టా దీన్ని ఆ దక్షిణపు ఎపినే అనుకున్నాడు. అంటే పారిస్ సైన్యం వలయం చీల్చుకుని తమ వైపు వచ్చేస్తోందని! దేశమంతా విజయం ప్రకటించాడు. “ఏ ఎపినే?” అని అడగడానికి దారి లేదు. డిసెంబర్ 4న ఓర్లేయాన్ మళ్ళీ జర్మన్ల పాలైంది. పారిస్ దళాలు అప్పటికే మార్న్ దాటి వెనక్కొచ్చేశాయి.

దీన్ని చూసి కొందరు చరిత్రకారులు బెలూన్ తపాలా ధైర్యాన్నిచ్చింది తప్ప యుద్ధం గతిని మార్చలేదంటారు. ఎదురు వాదన: గంబెట్టా బయటికి రాకపోతే, పారిస్ నిలబడి ఉందన్న వార్త పల్లెలకు చేరకపోతే, సెడాన్ తరవాత ఫ్రాన్స్ అయిదు నెలలు పోరాడేదే కాదు. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ప్రచారానికి ఒకవైపు దారి చాలు. ఇద్దరు కలిసి ఒక పని చేయాలంటే మాత్రం కబురు అందిందన్న జవాబు కావాలి, అది ఇక్కడ లేదు.

ఇలాంటి చోట అబద్ధానికీ దారి సులువవుతుంది. ‘దగేర్’తో పట్టుబడ్డ పావురాలకు జర్మన్లు డిసెంబర్‌లో తప్పుడు కబుర్లు కట్టి వదిలారు. రువాన్ పడిపోయింది, పల్లెజనం ప్రష్యన్లకు స్వాగతం పలుకుతున్నారు అని. కింద సంతకం లావెర్తుజోన్‌ది. ఆ అధికారి పారిస్‌లోనే ఉన్నాడు! కట్టిన తీరు కూడా మన పద్ధతి కాదని పావురాల వాళ్ళు పట్టేశారు. తమాషా ఏమిటంటే రువాన్ నిజంగానే అప్పటికి పడిపోయింది.

అంతకుముందు అక్టోబర్ 27న దీనికి తలకిందులుగా జరిగింది. మెట్జ్ కోటలో సైన్యంతో చిక్కుకున్న ఫ్రెంచ్ సేనాని బజేన్ లొంగుబాటుకు బేరమాడుతున్నాడని ఒక పత్రిక రాస్తే ప్రభుత్వం మండిపడి ఖండించింది. మెట్జ్ సరిగ్గా ఆరోజే లొంగిపోయింది. నాలుగు రోజుల్లో నిజం ఒప్పుకోవాల్సి రావడంతో 31న జనం నగర భవనాన్ని ముట్టడించారు, మంత్రులు గంటల తరబడి బందీలయ్యారు.

ప్రపంచంలో ఏం జరుగుతోంది, పారిస్‌కు ఏం తెలుసు

రోమ్‌లో పోప్‌కు కాపలా ఉన్న ఫ్రెంచ్ దళం యుద్ధం కోసం వెనక్కొచ్చేయడంతో సెప్టెంబర్ 20న ఇటలీ సైన్యం రోమ్‌ను తీసుకుంది. క్రిమియా యుద్ధం తరవాత నల్లసముద్రంలో తనకు పెట్టిన ఆంక్షలను పాటించనని రష్యా ప్రకటించింది. యుద్ధానికి సాకైన స్పెయిన్ సింహాసనం చివరికి ఇటలీ రాకుమారుడికి దక్కింది. ఆయన్ను తెచ్చిన జనరల్ ప్రిమ్‌ను డిసెంబర్ నెలాఖరులో కాల్చి చంపారు. జనవరి 18న, పారిస్ పక్కనే వెర్సాయ్ అద్దాల మందిరంలో జర్మన్ సామ్రాజ్య ప్రకటన జరిగింది.

లండన్ నుంచి బొంబాయికి సముద్రపు టెలిగ్రాఫ్ దారి 1870 జూన్ నాటికే పూర్తయింది. ఫ్రాన్స్‌లో ఏ సైన్యం ఎక్కడుందో బొంబాయి పాఠకుడికి పారిస్ వాడికంటే ముందు తెలిసే అవకాశం ఉందన్నమాట. పారిస్‌లో బయటి పత్రికలు క్రమంగా అందుకున్నది అమెరికా రాయబారి వాష్‌బర్న్. జర్మన్లు ఆయన సంచీని రానిచ్చారు, ఆ పత్రికల్లోని సంగతులు ఎవరికీ చెప్పకూడదన్న షరతుతో. చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే ఊరంతా తిట్టు. విసిగిపోయి జనవరిలో ఆ పత్రికలు పంపొద్దని ఆయనే చెప్పేశాడు.

మన వైపూ ఈ యుద్ధపు ఛాయ ఒకటి పడింది. సామ్రాజ్యం పోయి రిపబ్లిక్ రావడంతో, పాండిచ్చేరి, యానాం తదితర ఫ్రెంచ్ స్థావరాలకు కలిపి ఫ్రాన్స్ జాతీయ సభకు ఒక ప్రతినిధిని పంపే హక్కు 1871లో తిరిగొచ్చింది.

గుంటూరులో గ్రహణం చూసినాయన బెలూన్ ఎక్కాడు

డిసెంబర్ 2 తెల్లవారుజామున ‘వోల్టా’ బెలూన్‌లో వెళ్ళిన ప్రయాణికుడు జూల్ జాన్సెన్. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణానికి గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేనప్పుడు కూడా వర్ణపట దర్శినితో చూడవచ్చని కనుక్కున్న ఖగోళ శాస్త్రవేత్త ఈయనే. 1870 డిసెంబర్ 22న మరో గ్రహణం అల్జీరియా మీదుగా పోతోంది. ఆయన పారిస్‌లో ఇరుక్కున్నాడు. జర్మన్ వలయం దాటడానికి ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు అనుమతి ఏర్పాటు చేసినా వాడుకోలేదు. దూరదర్శినిని విప్పి, భాగాలు పెట్టెల్లో సర్దుకుని, తోడుగా ఒక నావికుణ్ణి పెట్టుకుని బెలూన్‌లో లేచి అట్లాంటిక్ తీరానికి దగ్గర్లో దిగాడు. సమయానికి ఒరాన్ చేరాడు. తీరా గ్రహణం వేళకు మబ్బు పట్టింది. మరుసటి ఏడాది డిసెంబర్ గ్రహణానికి మళ్ళీ దక్షిణ భారతానికి వచ్చి నీలగిరుల్లో చూశాడు.

పారిస్‌లోనే ఉండిపోయిన శాస్త్రవేత్తలు సోమవారం సోమవారం అకాడమీ సమావేశాలు మానలేదు.

నాటకాలు, బొమ్మలు, పల్చటి కాగితం

సెప్టెంబర్‌లో పోలీసు ఉత్తర్వుతో నాటకశాలలన్నీ మూతపడ్డాయి. కొన్ని వారాలకు గాయపడ్డవాళ్ళ సహాయ నిధి పేరుతో మెల్లగా తెరిచారు. కొమెదీ ఫ్రాన్సేజ్‌లో ఒక పక్క ఆసుపత్రి, ఒక పక్క వేదిక. పంతొమ్మిదేళ్ళ ప్రవాసం నుంచి తిరిగొచ్చిన విక్టర్ హ్యూగో కవితలు చదివి వినిపించిన సభల డబ్బుతో ఫిరంగి పోతపోయించారు. లూవ్ర్ మ్యూజియంలోని ముఖ్య చిత్రాలను ముట్టడికి ముందే బ్రెస్ట్ రేవుకు పంపేశారు. సగంలో ఆగిన కొత్త ఆపెరా భవనం తిండి గింజల గోదాము అయింది. ఇటలీ సంగీతకారుడు వెర్డీ కైరో కోసం రాసిన ‘ఐదా’ ఆపెరాకు దుస్తులు, తెరలు పారిస్‌లో తయారై అక్కడే చిక్కుకుపోయాయి. జనవరిలో జరగాల్సిన తొలి ప్రదర్శన 1871 డిసెంబర్ 24కు వాయిదా పడింది.

ముట్టడి కనిపెట్టిన కొత్త సాహిత్య రూపం ‘ఉత్తరం–పత్రిక’. అక్టోబర్ 22 నుంచి ఒక అచ్చువాడు వారానికి రెండుసార్లు తెచ్చాడు: పల్చటి కాగితం, కొంత భాగంలో వారం విశేషాల అచ్చు, మిగతాది ఖాళీ. ఖాళీలో సొంత కబుర్లు రాసుకుని మడిచి పోస్టు చేస్తే నాలుగు గ్రాములు దాటదు. ఊరి సంగతులు రాసే శ్రమా తప్పుతుంది, దక్షిణాన పైరెనీస్ పర్వతాల పల్లెలో ఉన్న బంధువుకు పత్రికా అందుతుంది.

నేషనల్ గార్డ్‌లో చేరిన చిత్రకారుడు మానే, ఆ పర్వతాల దగ్గరే ఉన్న భార్యకు ఇలా బెలూన్‌లలో రాస్తూ పోయాడు. జవాబు మాత్రం అపురూపం. గుర్రపు మాంసం, పిల్లి మాంసం, చలి, దిగులు, అన్నీ ఉన్న ఆ ఉత్తరాలే ఇప్పుడు చరిత్రకారులకు ఆధారం. దెగా కూడా సేనలో ఉన్నాడు. బాజీల్ నవంబర్ 28న, 28 ఏళ్ళకు, యుద్ధంలో పోయాడు. చిత్రకారుడు రెన్యో సంధికి తొమ్మిది రోజుల ముందు చనిపోయాడు. మొనే, పిసారో లండన్ వెళ్ళారు. లువెసియెన్‌లోని పిసారో ఇంట్లో ప్రష్యన్ సైన్యం దిగి ఏళ్ళ తరబడి వేసిన బొమ్మల్లో చాలా భాగం నాశనం చేసింది.

క్షణంలో మారే వెలుగును పట్టే ఇంప్రెషనిజం అనే చిత్రశైలి ఈ యుద్ధం వల్లే పుట్టిందనే మాట వినిపిస్తుంటుంది. లండన్‌లో మొనే, పిసారో టర్నర్ చిత్రాలు చూశారు, తరవాత వాళ్ళను నిలబెట్టిన వ్యాపారి దురాన్-రుయెల్ పరిచయమూ అక్కడే. ఇది ఒక వైపు. 1869లోనే మొనే, రెనువార్ నదీ తీరాన కూర్చుని నీటి మీద వెలుగును ముక్కముక్కలుగా వేసేశారన్నది రెండో వైపు. శైలి ముందే ఉంది, దానికి కొనేవాణ్ణి యుద్ధం దొరికించింది అంటే న్యాయంగా ఉంటుంది. సంగీతంలో సంబంధం ఇంకాస్త సూటి: ఫ్రెంచ్ సంగీతకారుల కొత్త రచనలకే వేదికగా సాన్-సాన్స్, మిత్రులు జాతీయ సంగీత సంఘం పెట్టింది సంధి కుదిరిన నెలలోపే, 1871 ఫిబ్రవరి 25న.

ఇక ఏనుగుల సంగతి. జంతు ప్రదర్శనశాలలోని కాస్టర్, పోలక్స్ అనే ఏనుగులను ఒక మాంసం వ్యాపారి 27,000 ఫ్రాంకులకు కొన్నాడు. ఆ మాంసం తిన్నది ధనవంతులు. మిగతా ఊరు జనవరికి మనిషికి రోజుకు 300 గ్రాముల రొట్టె మీద బతికింది. ఆ రొట్టెలోనూ గోధుమ కంటే పొట్టు, గడ్డి ఎక్కువ.

బెలూన్‌లో వెళ్ళేవాడు గూఢచారా?

ప్రష్యా ప్రధాని బిస్మార్క్ దృష్టిలో అనుమతి లేకుండా తమ సేనల మీదుగా దాటేవాడు నేల మీద దాటినా గాలిలో దాటినా ఒకటే. సైనిక విచారణ తప్పదన్నాడు. పట్టుబడ్డవాళ్ళలో కొందరు జర్మనీలో కోట జైళ్ళ పాలయ్యారు. ఫ్రెంచ్ వాదన వేరు. గూఢచారి అంటే మారువేషంలో, దొంగచాటుగా సమాచారం సేకరించేవాడు. అందరికీ కనబడేంత పెద్ద బెలూన్‌లో కూర్చుని వెళ్ళేవాడు దొంగచాటు ఎలా అవుతాడు? అప్పటికి దీనికి రాసిపెట్టిన చట్టం లేదు. 1874లో బ్రస్సెల్స్‌లో తయారైన ముసాయిదాలో ఈ విషయం చేరింది. 1899, 1907 హేగ్ నిబంధనల 29వ అధికరణం దాన్ని ఖాయం చేసింది: కబుర్లు చేరవేయడానికి, ఒక సైన్యంలోని లేదా ఒక భూభాగంలోని వేర్వేరు భాగాల మధ్య సంబంధాలు నిలపడానికి బెలూన్లలో పంపిన వ్యక్తులను గూఢచారులుగా పరిగణించరాదు. పట్టుబడితే వాళ్ళు యుద్ధ ఖైదీలు.